ఆదోనిలో తలుపు బయట బెంచీ మీద

మా నంద్యాల పక్క పల్లెల వాళ్లు పడమటి దిక్కుకు పోయేది మంత్రాలయానికే. స్వామిని చూస్తారు, నదిలో మునుగుతారు, ప్రసాదం మూట కట్టుకుని తిరిగి వస్తారు. ఎమ్మిగనూరు, ఆదోని వాళ్లకు బస్సు కిటికీలోంచి కనిపించే ఊళ్లు మాత్రమే. నేను దేవుడి కోసం పోలేదు. నా మనమరాలిని నా దగ్గర నుంచి ఎవరు లాక్కున్నారో చూద్దామని పోయాను. ఉన్నమాట ముందే రాసేస్తే తర్వాత అల్లాల్సిన పని ఉండదు.

భారతి నా కూతురి కూతురు. పాలు మరిచినప్పటి నుంచి నా దగ్గరే పెరిగింది. పట్నం పోయి, సమాజ సేవకు కూడా ఒక చదువు ఉందంటే అది చదివింది. ఇప్పుడు ఆదోనిలో ఒక చిన్న సంస్థలో పని. ఇంట్లో కష్టం ఉన్న ఆడవాళ్లు వస్తారు. వాళ్లను కూర్చోబెట్టి వినాలి. ఏం చేయాలో వాళ్లే తేల్చుకునేదాకా తోడుండాలి. వినడానికి కూడా జీతమిస్తారా అని మా వీధిలో నవ్వారు. నాకు నవ్వు రాలేదు, కడుపు మండింది. నేను ఫోను చేసినప్పుడల్లా, ‘అవ్వా, ఒకరు కూర్చోనుండారు, మళ్లీ చేస్తా’ అంటుంది. మళ్లీ చేసేసరికి నాకు నిద్ర వచ్చి ఉంటుంది. నేను చదివింది మూడో తరగతి. కానీ ఊరివాళ్ల మాటలకు పొద్దంతా ఉండి, పెంచిన అవ్వ మాటకు పొద్దు లేకపోవడం ఏ లెక్కో అర్థం చేసుకోవడానికి ఆ చదువు చాలు.

కోడుమూరు దాకా ఒక ఆమె

కర్నూలు బస్టాండులో ఆదోని బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టుకు డబ్బు లేదు. నంద్యాల నుంచి కూడా అట్లాగే వచ్చాను. డబ్బు లేకుండా ఇంత దూరం పోవడం నాకు మొదట దొంగతనం చేసినట్టు అనిపించింది. కర్నూలు దాటేసరికి అలవాటైపోయింది.

పక్కన కోడుమూరులో దిగే ఒక ఆమె కూర్చుంది. కాళ్ల దగ్గర ఎర్రగడ్డల మూట. బస్సు ఊరు దాటకముందే తన పెద్ద కోడలు ఎట్లాంటిదో చెప్పింది, ఊరు దాటాక చిన్న కోడలు సంగతి ఎత్తుకుంది. నేనూ ఊరుకోలేదు. భారతి సంగతి మొత్తం చెప్పాను.

“వినేదానికి జీతమిస్తారా?” అంది ఆమె. “ఐతే నాకూ ఇప్పియ్ అక్కా. నేను పుట్టినప్పటి నుంచి వింటానే ఉండా.”

“నువ్వు విన్నది యాడ? చెప్తానే ఉండావు గదా,” అన్నాను.

ఆమె నవ్వి రెండు ఎర్రగడ్డలు నా సంచిలో వేసింది. కోడుమూరులో దిగేటప్పటికి ఆమె ఇంటి గుట్టు నా దగ్గర, నా ఇంటి గుట్టు ఆమె దగ్గర ఉన్నాయి. ఒకరి పేరు మాత్రం ఒకరికి తెలియదు. లోకంలో మాటలు ఇట్లాగే తిరుగుతాయి, ఇందులో తలుపులు మూసుకోవలసింది ఏముంది అనుకున్నాను.

కోడుమూరు దాటాక నేల మారింది. మా వైపు కాలువ నీళ్లు, వరి పచ్చ. ఇక్కడ రాళ్ల గుట్టలు, పత్తి, ఆముదాలు, కంది. వాన పడితే పంట, లేకపోతే మూట కట్టుకుని సుగ్గికి, అంటే దూరపు ఊళ్లకు కూలి పనులకు పోవడమే అని వెనక సీటాయన చెప్పాడు. చేలో మనుషుల కంటే గొర్రెలు ఎక్కువ కనిపించాయి.

ఆదోని, బుధవారం

ఆదోనిలో దిగగానే మొదట ముక్కుకు పత్తి తగులుతుంది. పత్తి బోరాలతో లారీలు రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంటాయి. ఒకే బజారులో ముగ్గురు మూడు భాషల్లో బేరమాడతారు, అయినా బేరం తెగుతుంది. ఆటోవాడు అడిగిన డబ్బుకు మా ఊళ్లో ఒక పూట కూలి మనిషి వస్తుంది కాబట్టి నడిచాను. దారిలో సంచి పిడి తెగి నేను చేసుకొచ్చిన కజ్జికాయలు సగం చితికాయి. ఆటోకు మిగిలింది కజ్జికాయలకు పోయింది. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

సంస్థ అంటే ఏదో అనుకున్నాను. రెండు గదులు, ఒక వరండా, వరండాలో ఒక బెంచీ. భారతి బయటికి వచ్చి నా చేతులు పట్టుకుంది. చిక్కింది. నేను ఆ మాట అనేలోపే, “అవ్వా, లోపల ఒకరు కూర్చోనుండారు. రూము తాళం ఇస్తా, పోయి పడుకుంటావా?” అంది.

“పడుకునేదానికి ఇంతదూరం వస్తినా? ఈడనే కూసుంటా,” అన్నాను.

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత లోపలికి పోయి తలుపు దగ్గరకు వేసుకుంది. నా మొహం మీద వేసినట్టే అనిపించింది. బెంచీ మీద కూర్చుని ఆ తలుపు రంగు, గొళ్లెం, దాని మీది మేకులు అన్నీ చూశాను. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ముప్పై లోపు వయసున్న ఒక అమ్మాయి బయటికి వచ్చింది. కొంగు తడిసి ఉంది. నా మనమరాలి చెయ్యిని రెండు చేతులతో పట్టుకుని విడవడం లేదు. ఆ చెయ్యి చిన్నప్పుడు నా కొంగు పట్టుకుని విడిచేది కాదు.

భారతి నా కజ్జికాయల్లో చితకని వాటిని ఏరి బల్ల మీద పెట్టింది. తాను ఒకటి తిన్నది. మిగిలినవి అక్కడ కూర్చున్న ఆడవాళ్లకు. ఆ అమ్మాయికి రెండు కాగితంలో చుట్టి ఇచ్చింది.

ఆ అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుని చెప్పులు తొడుక్కుంది. “మీరు అక్కకు అవ్వనా?” అని అడిగింది.

“అవును. నీది ఏ ఊరమ్మా?”

“ఎమ్మిగనూరు.” అని నాలుక కరుచుకుంది.

“అంత దూరం నుంచి ఈడికొచ్చేంత కష్టమేమొచ్చె?”

“అక్కకు చెప్పినాలే అవ్వా,” అని నవ్వింది. “అక్క నాకు తల్లి లెక్క.”

తల్లి లెక్క. నేను ఏం లెక్కో నాకు తెలియలేదు.

ఆ పూట భారతి రూములో జొన్నరొట్టెలు చేశాను. మావైపు అన్నం లేనిదే పొయ్యి ఆర్పం. ఇక్కడ రొట్టె, పుంటికూర పప్పు, చెనక్కాయల పొడి ఉంటే ఎవరూ అన్నం అడగరు. రొట్టె తడుతూ నెమ్మదిగా అడిగాను.

“ఎమ్మిగనూరు పిల్లకు ఏం కష్టం మే?”

“చెప్పకూడదు అవ్వా.”

“నాకా?”

“ఎవ్వరికీ. మా పనిలో అది మొదటి మాట. అసలు వచ్చిందా లేదా అనేది కూడా చెప్పకూడదు.”

“నా కండ్ల ముందరే వచ్చె కదే.”

“నువ్వు చూసింది నువ్వు చూసినావు. నేను చెప్పలేదు.”

“వాళ్లు ఏడ్చింది కొంగులో మూటగట్టి పెట్టుకుంటే నీకు బరువు గాదా?”

“బరువే. రొట్టె మాడుతాంది చూడు.”

అట్లా మాట తప్పించింది. నేను పెంచిన పిల్లకు నా దగ్గర దాచుకునే సంగతులు ఉన్నాయని, అవి దాచడానికి ఒక చదువే ఉందని ఆ రోజు తెలిసింది.

గంజి వీధి

గురువారం భారతికి ఎమ్మిగనూరులో పని. నేతగాళ్ల వీధిలో ఆడవాళ్లకు మీటింగు పెడుతుంది. నేనూ బయలుదేరాను. బస్టాండు దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాం. నానబెట్టిన బొరుగులను తాళింపు వేసి, పప్పుల పొడి చల్లి పెడతారు. ముప్పై రూపాయలకు కడుపు నిండింది. మా ఊళ్లో బొరుగులు పిల్లల తిండి. ఇక్కడ పెద్ద మగవాళ్లు పొద్దున్నే ప్లేటు పట్టుకుని గంభీరంగా తింటున్నారు.

నేతగాళ్ల వీధి ఏదో చెప్పను. పొద్దున ఆ వీధి మనుషులది కాదు, నూలుది. వీధి పొడవునా పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు సాగదీసి, కర్రల మీద నిలబెట్టి, గంజి పట్టిస్తారు. తడి పోగులు ఒకదానికొకటి అతుక్కోకుండా ఇటొకరు అటొకరు నిలబడి పెద్ద కుంచెతో దువ్వుతూ పోవాలి. మొదలుపెడితే గంజి ఆరేదాకా ఆపకూడదు. ఆపితే నూలంతా ముద్దవుతుంది, వారం పని పోతుంది. బండి వచ్చినా పక్క సందులోంచి తిరిగి పోవలసిందే.

భారతి నడుస్తుంటే అందరూ పలకరించారు. “ఏమ్మా, మీటింగు యాళయ్యిందా?” అని ఒకరు, “ఎవరీ ముసలామె?” అని ఒకరు. “మా అవ్వ,” అని ఆమె చెప్తుంటే నాకు కాస్త ప్రాణం లేచి వచ్చింది. అంతలో ఒక పడుగు దగ్గర నిన్నటి అమ్మాయి కనిపించింది. అవతలి పక్క వాళ్ల అత్త. ఆ అత్తను ఉరుకుందమ్మ అంటాను. అసలు పేరు అది కాదు. ఆ పక్కన ఇంటికొక ఉరుకుందమ్మ ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు.

అమ్మాయి తల ఎత్తి చూసి దించుకుంది. భారతి ఆ అమ్మాయిని చూడనే చూడనట్టు, నూలు వైపు చూస్తూ దాటిపోయింది.

మా ఊళ్లో ఎదురుపడిన మనిషిని పలకరించకుండా పోయామంటే పగ పెట్టుకున్నామని అర్థం. నిన్న చెయ్యి విడవని మనిషి, నా కజ్జికాయలు తిన్న మనిషి. నా మనమరాలికి ఇంత పొగరు ఎప్పుడు వచ్చింది అనుకున్నాను. అది ఒక్కటే అయితే ఊరుకునేదాన్నేమో. లోపల ఇంకొకటి ఉంది. ‘తల్లి లెక్క’ అన్నావు కదా, ఈరోజు ఆ తల్లి నీ మొహం కూడా చూడలేదు, నీతో మాట్లాడేది నేనే అని చూపించుకోవాలనిపించింది. భారతి ముందుకు పోయింది. నేను వెనక ఆగాను.

“ఏమ్మా, నిన్న ఆదోనిలో మా పిల్ల కాడ అంతసేపు కూసుంటివి, ఈ పొద్దు ఎరగనట్టు తల దించుకుంటావే?”

కుంచె ఆగలేదు. అమ్మాయి చేతిలోది పోతూనే ఉంది. మొహం మాత్రం గంజి కంటే తెల్లబడింది.

అవతలి నుంచి ఉరుకుందమ్మ అడిగింది. “ఆదోనికా? నిన్న మీ అమ్మకు బాగలేదని పోతివి గదే?”

అమ్మాయి కుంచె ఇంకా నొక్కి దువ్వింది.

“నిన్నే అడిగేది. మీ అమ్మ ఆదోనిలో యాడుండాది?”

అప్పటికి నాకు తెలిసింది. “నాకు కండ్లు సరిగా ఆనవమ్మా,” అన్నాను. “వేరే ఎవరినో చూసింటా.”

“కండ్లు ఆనకుంటే ఇంత దూరం నుంచి ఎట్ల గుర్తుపడితివి?” అంది ఉరుకుందమ్మ.

వాళ్లిద్దరూ అక్కడి నుంచి పోవడానికి లేదు. గంజి తడిగా ఉంది. ఒకరు అరవడానికి లేదు, ఒకరు ఏడవడానికి లేదు. ఇటొకరు అటొకరు, నడుమ నూలు, అట్లాగే దువ్వుతూ వీధి చివరిదాకా పోయారు, మళ్లీ తిరిగి వచ్చారు. పక్క పడుగుల వాళ్లు చెవులు ఇటు పెట్టారు. నేను అక్కడే నిలబడ్డాను. ఎండ ఎంత ఉన్నా ఆ గంజి ఆరలేదు.

తిరుగు బస్సు

మీటింగుకు పోయేముందే భారతికి చెప్పేశాను. ఆమె అరవలేదు. అరిచి ఉంటే నాకు బాగుండేది. మీటింగు ఎట్లాగో ముగించింది. వీధిలోకి మాత్రం మళ్లీ పోలేదు. ‘ఇప్పుడు నేను ఆమె దగ్గరికి పోతే నీ మాట నిజమని చెప్పినట్టే’ అంది. ఆదోని బస్సు ఎక్కాక కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

“పలకరించకపోతే పొగరనుకున్న్యా మే,” అన్నాను.

“వీధిలో వాళ్లు ముందు పలకరిస్తేనే మేం పలకరిస్తాం అవ్వా. లేకుంటే ఎరగనట్టు పోతాం. ‘ఆమె నీకెట్ల తెలుసు?’ అని ఇంట్లో అడిగితే వాళ్లు ఏం చెప్పాల? ఎమ్మిగనూరులో ఎవరికీ తెలియకూడదనే ఆదోని దాకా వచ్చేది.”

“నాకు చెప్పింటే?”

“అదే. నీకు చెప్పింటే బాగుండు. నిన్ను ఆ బెంచీ మీద కూసోబెట్టిందే తప్పు. మా సంస్థ నడిపే మేడంకు చెప్తా.”

“అవ్వ మీద ఫిర్యాదు చేస్తావా?”

“నీ మీద గాదు. నా మీద.”

అన్నట్టే ఆదోనిలో దిగగానే పోయి మేడంకు చెప్పింది. మేడం నా వయసుకు పదేళ్లు చిన్న, మాట మెత్తన. నన్ను ఒక్క మాట అనలేదు. భారతిని మాత్రం లోపల కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడింది. బయటికి వచ్చాక భారతి చెప్పింది: ఆ మనిషి మళ్లీ వస్తే తన తప్పేనని చెప్పుకోవాలి, వేరే ఎవరితోనైనా మాట్లాడతావా అని అడగాలి. రాకపోతే వెతుక్కుంటూ పోకూడదు. వచ్చేది రానిది ఆమె ఇష్టం.

“వస్తాదా?” అని అడిగాను.

“తెలీదు అవ్వా. రాకపోతే ఇంక ఎవ్వరి కాడికీ పోదు. అదే నా భయం.”

ఆ పూట ఆమె రొట్టె ముట్టలేదు. నేను లోకంలో అందరి మీదా అసూయ పడి వచ్చినదాన్ని. ఇప్పుడు నా పిల్ల ఒక పరాయి పిల్ల కోసం పస్తు ఉంటే, నా కోసం ఎప్పుడైనా పస్తు ఉందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా ఆ ఆలోచనే వచ్చింది.

ఆదోని, శుక్రవారం

పొద్దున్నే నన్ను రూములో ఉండమంది. నేను వినలేదు, మేడంను అడిగి గేటు బయట టీ అంగడి దగ్గర కూర్చున్నాను. టీ పది రూపాయలు, గ్లాసు బొటనవేలంత. టీ అంగడామె, “కూకో అవ్వా, ఊరికే కూకున్నా పర్వాల్యా,” అంటే ఇంకొకటి తాగవలసి వచ్చింది.

ఎండ ఎక్కకముందే ఉరుకుందమ్మ వచ్చింది. ఒక్కతే. చంకలో ఒక కవరు. నన్ను చూసి నేరుగా నా దగ్గరికే వచ్చింది.

“నీ మనమరాలు యాడ? మీటింగు పిల్ల.”

నేను జవాబు చెప్పేలోపే భారతి వరండాలోంచి చూసి బయటికి వచ్చింది. “రా పెద్దమ్మా, కూసో,” అని బెంచీ చూపించింది. నేను లేవబోతే ఉరుకుందమ్మ నా రెక్క పట్టుకుని, “నువ్వూ రా,” అంది. ముగ్గురం బెంచీ దగ్గర చేరాం.

“నా కోడలు నీ కాడికొచ్చిందా?”

“మా కాడికి ఎవరొస్తారో మేం ఎవరికీ చెప్పం పెద్దమ్మా. నువ్వొచ్చినావని కూడా ఎవరికీ చెప్పం.”

“నేను పరాయిదాన్నా? నా ఇంటి మనిషి.”

“ఇంటోళ్లకు కూడా చెప్పం.”

“ఏం చెప్పుకొనిందో చెప్పొద్దులే. వచ్చిందో రాలేదో అది సెప్పు.”

“అది కూడా.”

ఉరుకుందమ్మ నా వైపు తిరిగింది. “నువ్వు సెప్పు. నువ్వు పెద్దదానివి. నా ఈడుదానివి. నీ కండ్లతో చూసినావు. నీకేం జీతం ల్యా, చదువు ల్యా. నీ నోరు ఎవరు కట్టినారు?”

నిజమే. నన్ను ఎవరూ కట్టలేదు. భారతి నా వైపు చూడలేదు. చెప్పొద్దని సైగ కూడా చేయలేదు, నేల చూస్తూ నిలబడింది. నేను ఏం చెప్తే అది అని వదిలేసింది. ‘కండ్లు ఆనవు’ అని ముందు రోజు ఆడిన అబద్ధం నోటిదాకా వచ్చింది. అది ఎంత పనికి వచ్చిందో చూసినదాన్ని కాబట్టి మింగేశాను.

“చూసిందీ చెప్పను, చూడందీ చెప్పను,” అన్నాను. “నిన్న నీ వీధిలో నోరు పారేసుకున్న్యా. ఈ పొద్దు ఇంక నన్ను అడగొద్దు.”

ఆమె బెంచీ మీద కూలబడింది.

“నా ఇంట్లో పిల్ల,” అంది ఆమె, నాతోనే. “నేను వండింది తింటాది, నేను గంజి కాస్తే అది దువ్వుతాది. నాకు చెప్పని మాట బస్సెక్కి పోయి నీ మనమరాలికి చెప్పుకుంటే, నేనేం సచ్చినానా?”

ఆ మాట నా నోట్లోంచి ఎవరో తీసుకుని ఆమె నోట్లో పెట్టినట్టుంది. నేను నంద్యాల నుంచి మోసుకొచ్చిన మాట అదే.

“నీకు చెప్పకపోతే నీకు మండింది,” అన్నాను. “నాకూ మండింది. నా పిల్ల అందరి మాటలూ వింటాది, నాకు ఒక్కటి చెప్పదు. అడిగితే రొట్టె మాడుతాందంటాది.”

ఉరుకుందమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. “నీకైతే ఏమీ తెలీదు కాబట్టి మండుతాది. నాకు తెలుసు. నా ఇంట్లో ఏం జరుగుతాందో నాకు తెలీదా? తెలిసే గమ్మునుండా. నేను గమ్మునుండాననే...” ఆమె అక్కడ ఆపి ఆ తలుపు వైపు చూసింది. “ఆ రూములో ఎవరైనా కూసోవచ్చునా? నా మాదిరి ముసలోళ్లు?”

“కూసోవచ్చు,” అంది భారతి.

“ఐతే పద.”

“నేను కాదు పెద్దమ్మా. నీ మాట మా మేడం వింటారు.”

“నువ్వెందుకు వినవు?”

“అది చెప్పలేను.”

ఉరుకుందమ్మ ఆమె మొహం చాలాసేపు చూసింది. ఏదో తెలుసుకున్నట్టు తల ఊపింది. ఏం తెలుసుకుందో ఆమె అనలేదు, భారతీ అనలేదు. నా మనమరాలు ఆమెకు దొరకలేదని నాకు మాత్రం లోపల చల్లగా అయింది. ఆ కష్టంలో కూడా చల్లగానే అయింది.

ఉరుకుందమ్మ కవరులోంచి ఒక తువ్వాలు తీసి భారతికి ఇయ్యబోయింది, సొంత మగ్గం మీదిది. భారతి వద్దంది. “టీ ఇప్పిస్తే తాగుతా పెద్దమ్మా,” అంది. మేడం వచ్చి ఆమెను లోపలికి పిలుచుకుపోయింది. తలుపు పడింది.

ఈసారి భారతి నా పక్కన బెంచీ మీదే కూర్చుంది. మూసిన తలుపు ఇవతల ఇద్దరం. ఇక్కడికి వచ్చాక అంతసేపు ఆమె నా పక్కన ఉండటం అదే మొదలు.

“మరి నాకేది ఒక రూము?” అన్నాను.

“నీకు మాటలుంటే మేడం వింటారు అవ్వా. సొంతోళ్లకు మేం చెయ్యకూడదు.”

“అంటే ఊరోళ్లందరికీ నువ్వు ఉంటావు, నాకు తప్ప.”

“ఈడ మాత్రం.” ఆమె తల నా భుజం మీద పెట్టింది. “ఇంటికాడ నేను నీ మనమరాలిని. ఆడ నాకు ఏ మేడం లేదు.”

తలుపు తెరుచుకునేసరికి ఎండ వరండాలోకి వచ్చింది. ఉరుకుందమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది. మేడం ఆమెను మళ్లీ ఎప్పుడు వస్తావు, బుధవారం వస్తావా అని అడిగింది.

“బుధవారం వద్దు,” అంది ఉరుకుందమ్మ. “ఆ పొద్దు పడుగు కాడ నేనుంటా. ఇంట్లో ఎవరికన్నా బుధవారం పని ఉంటే పోయి వస్తారు. నాకు శుక్రవారం పెట్టు.”

భారతి గట్టిగా ఊపిరి విడిచింది. చూపు మాత్రం టీ గ్లాసు మీదనే పెట్టుకుంది.

ఇంటి దగ్గర

శనివారం ఇంటికి వచ్చాను. కర్నూలు దాకా నా పక్కన ఒక కుర్ర ఆమె కూర్చుంది. తన సంగతులు చెప్పబోయింది. వినిపించనట్టు నిద్రపోయాను. విన్నాక ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండగలనని నాకు ఇంకా నమ్మకం కుదరలేదు.

మీరెవరైనా ఆ పక్కకు పోతే ఆదోనిలో కందులు కొనుక్కోండి, మావైపు కంటే చౌక. ఎమ్మిగనూరులో తువ్వాళ్లు వీధిలోనే కొనండి, అంగట్లో వద్దు. పడుగు పొద్దునే చూడాలి. చూసేటప్పుడు ఎవరితోనూ మాట్లాడకండి.

ఇది రాశాక భారతి చదివి మూడు చోట్ల కొట్టేసింది. ఆ అత్తాకోడళ్లు వచ్చినప్పుడు వేరువేరుగా అడిగి, ఇద్దరూ సరేనన్నాకే అచ్చుకు ఇయ్యమంది. అత్త మాత్రం ‘నా పేరు నా పేరుగానే రాయండి, నాకేం భయం’ అని గొడవ చేసిందట. ఆ గొడవ సంగతైనా రాయొచ్చని అత్తే అనుమతి ఇచ్చింది.

నా కడుపుమంట పోయిందని రాస్తే అబద్ధం. బుధవారం వస్తే, ఈపాటికి ఆ పిల్ల బస్సు దిగి ఉంటుంది అనుకుంటాను. శుక్రవారం వస్తే ఆ ముసలామెకు మేడం దొరికింది కదా అనుకుంటాను. ఇద్దరికీ వారంలో ఒక్కొక్క రోజు ఉంది.

మొన్న పొద్దు గుంకేటప్పుడు భారతి ఫోను చేసింది. “అవ్వా, పని అయిపోయింది. తాళం వేసి వచ్చేసినా. ఇప్పుడు నువ్వు చెప్పు, నేను వింటా,” అంది. ఇన్నాళ్లూ ఎదురుచూసిన మాట. తీరా నోటికి ఏమీ రాలేదు. ఎనుము ఈనిందని చెప్పాను. పెయ్యనా, దున్ననా అని అడిగింది. పెయ్య అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు, ఫోను పెట్టేయనూ లేదు. ఊరికే ఉంది. ఆ ఊరికే ఉండటమే ఆమె చదివిన చదువు కాబోలు. అప్పుడు ఇంకొక సంగతి చెప్పాను. నా పెళ్లయిన కొత్తలోది, ఇంతవరకు ఎవరికీ చెప్పనిది. ఇక్కడ కూడా రాయను.

చెప్పడం అయ్యాక, “ఇది మీ అమ్మకు కూడా చెప్పొద్దు,” అన్నాను.

“చెప్పను అవ్వా,” అంది.